తల్లిని చూసి గుడ్డును

మంట దగ్గరికి జరుగు నాయనా, ఆ అనపకాయల గంప కూడా ఇటు లాగు. ఊరికే కూచుని వినే ముచ్చట కాదిది. చేతులు ఒలుస్తుండాలి, చెవులు వింటుండాలి. పుష్యమాసపు చలిలో మా కోలారు సీమలో ఏ ఇంట చూసినా ఇదే పని. ఒలిచిన గింజల్ని రాత్రి నీళ్ళలో నానేసి, పొద్దున్నే ఒక్కొక్కటి రెండు వేళ్ళ సందున పెట్టి పితికితే తోలు చేతిలో మిగులుతుంది, పప్పు గిన్నెలో పడుతుంది. పితుకుపప్పు సారూ రాగి ముద్దా వద్దని పేచీ పెట్టే పిల్లకు సంబంధాలు రావని మా అవ్వ బెదిరించేది. ఆ పేచీలన్నీ నేను పెట్టాను, అయినా నాకు పెళ్ళయింది. ఆ సంగతి ఇప్పుడెందుకులే.

నరసాపురం అనగానే గోదావరి పక్కన లేసులు అల్లే ఊరనుకునేవు. అది వేరు, మాది వేరు. మాది కోలారు జిల్లా, బెంగళూరు నుంచి మద్రాసు పోయే పెద్ద రోడ్డు మీది ఊరు. ఇప్పుడు స్కూటర్ల ఫ్యాక్టరీ, ఫోన్ల ఫ్యాక్టరీ వచ్చి రేయింబగళ్ళు దీపాలు వెలుగుతున్నాయి గానీ, మా కాలంలో రాగి చేలు, మల్బరీ తోటలు, ఒక చెరువు, అంతే. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, బంగారు గనులకు కూలికి పోతే అరవం. మూడింటిలోనూ తిట్టడం వచ్చినవాణ్ణి ఊళ్ళో చదువుకున్నవాడి కింద లెక్కేసేవాళ్ళు.

నువ్వడిగిన మాటకు వస్తాను. ప్రాణం ఉన్నదానికీ లేనిదానికీ తేడా ఏమిటన్నావు. మీ పుస్తకంలో వరసగా రాసే ఉంటుంది: తింటుంది, ఊపిరి తీస్తుంది, పెరుగుతుంది, కదులుతుంది, పిల్లల్ని పెడుతుంది, కణాలతో కట్టి ఉంటుంది అని. బట్టీ కొట్టి మార్కులు తెచ్చుకోవడానికి అది చాలు. నేను మాత్రం ఆ ముక్కల్ని విడివిడిగా, ఒక్కొక్క తగాదాతో నేర్చుకున్నాను. ఎస్సెల్సీ గట్టెక్కి సర్కారు గ్రెయినేజిలో ఉద్యోగానికి చేరినదాన్ని నేను. పట్టుపురుగుల గుడ్లు తయారుచేసి రైతులకు ఇచ్చే చోటు అది. పట్టు సీతాకోకచిలుకల కడుపు నూరి సూక్ష్మదర్శినిలో చూడడం నా పని. నూరు రూపాయల పైచిలుకు జీతం. తులం బంగారం వెల కూడా అప్పట్లో ఇంచుమించు అంతే. నీ జీతానికి ఇప్పుడు ఎన్ని తులాలు వస్తాయో లెక్కేసుకుని, ఆ తర్వాత నవ్వు.

ముందు ఊపిరి సంగతి. మా ఇళ్ళలో రాగుల్ని పాతరలో పోసేవాళ్ళు. నేలలో నిలువులోతు గొయ్యి తవ్వి, గోడలకు గడ్డి పరిచి, పల్లల కొద్దీ రాగులు నింపి, పైన బండ వేసి మట్టి మెత్తేవాళ్ళు. పురుగు ముట్టేది కాదు, ఏళ్ళ తరబడి చెడేది కాదు. కరువొస్తే ఆ పాతరే దేవుడు. అయితే తెరిచినరోజు ఎవ్వరూ వెంటనే దిగేవాళ్ళు కాదు. బండ తీసి ఒక పూట గాలాడనిచ్చి, లాంతరుకు తాడు కట్టి మెల్లగా లోపలికి దింపేవాళ్ళు. దీపం వెలుగుతుంటే మనిషి దిగొచ్చు. రెపరెపలాడి ఆరిపోయిందా, అందరూ నాలుగడుగులు వెనక్కి. తొందరపడి దిగి ఊపిరాడక చచ్చినవాళ్ళ కథలు ప్రతి ఊళ్ళోనూ ఉండేవి. పాతరలో భూతం కూచుని దీపం ఊదేస్తుందని మా అవ్వ చెప్పేది.

భూతం కాదు, రాగులే. ఎండి, ముడుచుకుని, రాయిలా కనిపించే ఆ గింజ లోపల ప్రాణం ఉంది. అది పీల్చేది బహు కొంచెం, కానీ పల్లల కొద్దీ గింజలు మూసిన గోతిలో నెలల తరబడి పీలిస్తే ప్రాణవాయువు తగ్గిపోతుంది, బొగ్గుపులుసు వాయువు నిండుతుంది. గింజలకు తోడు బూజు కూడా తన వంతు పీలుస్తుంది. దీపం ఆరేది అందుకు. పురుగు చేరకపోవడానికీ కారణం అదే, దానికీ ఊపిరాడదు గదా. చచ్చినట్టున్న గింజ దీపాన్ని ఆర్పడం చూసినదాన్ని, కదలనిదానికి ప్రాణం లేదంటే నేనెట్లా ఒప్పుకుంటాను?

ఊపిరి అంటే ముక్కుతో గాలి పీల్చడమే అనుకోకు. అసలు ఊపిరి కణంలో జరుగుతుంది. బంగారు గనుల దగ్గర సయనైడ్ దిబ్బలు చూశావా? సినిమా పాటలు తీసే తెల్లటి ఇసుక గుట్టలు. 1880లో జాన్ టేలర్ కంపెనీ వాళ్ళు వచ్చినప్పటి నుంచి 2001లో గనులు మూసేదాకా, మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగి రాయి తవ్వి తెచ్చారు. ఆ రాయిని పిండిగా కొట్టి, అందులోని బంగారాన్ని సయనైడ్ కలిపిన నీళ్ళతో కరిగించి తీసేవాళ్ళు. మిగిలిన పిండే ఆ దిబ్బలు. సయనైడ్ మనిషిని ఎట్లా చంపుతుందో తెలుసా? ఊపిరితిత్తుల్లో గాలి ఉంటుంది, నెత్తురులో ప్రాణవాయువు ఉంటుంది. కణం మాత్రం దాన్ని వాడుకోలేదు. లోపల ఇనుము ఉన్న ఒక ఎంజైమును సయనైడ్ పట్టుకుని కూచుంటుంది. వాకిట ధాన్యం రాశి పోసి ఉన్నా ఇంట్లో పొయ్యి వెలగదు.

ఆ పొయ్యిలో తయారయ్యే సరుకు ఏమిటో పట్టుకున్నవాళ్ళలో మన తెలుగాయన ఉన్నాడు. ఆ గోదావరి నరసాపురానికి దగ్గర్లోని భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. అమెరికాలో హార్వర్డుకు వెళ్ళి ఫిస్కే అనే ఆయనతో కలిసి, కండరాలు శక్తిని ఏటీపీ అనే పదార్థం రూపంలో దాచుకుని ఖర్చు చేస్తాయన్న సంగతికి దారి తీశాడు. 1929లో ఆ పదార్థాన్ని వీళ్ళొకవైపు, జర్మనీలో లోమన్ ఒకవైపు ఎవరికి వారు కనుక్కున్నారు. రాగి గింజ ఖర్చుపెట్టేదీ, ఇప్పుడు నీ వేళ్ళు ఒలవడానికి ఖర్చుపెట్టేదీ ఆ నాణేన్నే. నీ వేళ్ళు కాస్త తక్కువ ఖర్చు పెడుతున్నట్టున్నాయి. ఒలువు.

ఎక్కడున్నాం? ఆ, పెరగడం దగ్గర. పెరిగేదంతా ప్రాణి అయితే పటికబెల్లమూ ప్రాణే. చక్కెర పాకంలో దారం వేలాడదీస్తే రోజురోజుకీ పలుకులు పెరుగుతాయి. అయినా పటికబెల్లాన్ని నమలడానికి ఎవరూ పాపభయం పడరు. అది పైనుంచి పేరుకుంటుందే తప్ప, తిన్నదాన్ని లోపల తనదిగా మార్చుకోదు.

పిల్లల్ని పెట్టేదే ప్రాణి అంటావా? కంచరగాడిద పిల్లల్ని పెట్టదు. అది ప్రాణి కాదని దాని వెనక నిలబడి చెప్పు చూద్దాం. మా చిన్నాయన ఒకాయన పెళ్ళి చేసుకోలేదు. బడిలో ఈ పాఠం చదివి వచ్చి, "చిన్నాయనా, నీకు ప్రాణం లేదంట" అని చెప్పాను. ఆయన నవ్వి, నాకు రావలసిన అరణా మిఠాయి మానేశాడు. అరణా అంటే తక్కువ అనుకోకు. అరణాకు గుప్పెడు బొరుగులు, బెల్లపుముక్క వచ్చేవి. ఒక గుణం పట్టుకుని ప్రాణాన్ని తూచబోతే ఇట్లాగే నష్టపోతాం. కంచరగాడిద పిల్లల్ని పెట్టకపోయినా దాని ఒంట్లో కణాలు రోజూ కొత్త కణాల్ని కంటూనే ఉంటాయి. చర్మం కింద కొత్త చర్మం, నెత్తురులో కొత్త నెత్తురు. మన ఎర్రకణం ఆయుష్షు దాదాపు 120 రోజులు, మళ్ళీ కొత్తది రావలసిందే. మా చిన్నాయన ఒంట్లోనూ ఆ కాపురం బాగానే సాగింది.

కదలడం సంగతి అత్తిపత్తి మొక్కను అడుగు. వేలు తగిలితే చాలు ముడుచుకుంటుంది. మర్రిచెట్టు ముడుచుకోదు, కానీ వేరు నీళ్ళవైపు పోతుంది, కొమ్మ వెలుతురువైపు తిరుగుతుంది. తొందర లేనంత మాత్రాన తెలివి లేదనకూడదు. ఈ మాట కోడళ్ళ విషయంలో కూడా మా అవ్వ చెప్పేది.

మరి ఈ రాగికీ, గాడిదకీ, మర్రికీ, చిన్నాయనకీ ఉమ్మడిగా ఉన్నదేమిటి? కణం. ఈ మాట ఇప్పుడు తేలిగ్గా అనేశాం గానీ, మనుషులు అక్కడికి రావడానికి రెండు వందల ఏళ్ళు పట్టింది.

1665లో ఇంగ్లండులో రాబర్ట్ హుక్ బెండుముక్కను పలచగా కోసి అద్దాల కింద పెట్టి చూస్తే, గోడలు కట్టిన చిన్న చిన్న గదులు కనిపించాయి. అన్నీ ఖాళీ. బెండు చచ్చిన బెరడు గదా, కాపురం ఖాళీ చేసిన ఇళ్ళు చూశాడాయన. తర్వాత కొన్నేళ్ళకు హాలండులో లీవెన్‌హుక్ అని ఒక బట్టల వ్యాపారి, చదువు పెద్దగా లేనివాడు, తన చేత్తో అరగదీసిన చిన్న భూతద్దంలో చెరువునీళ్ళు చూశాడు, తన పంటి పాచి గీరి చూశాడు. అందులో ఈదుతున్న ప్రాణులు! బట్టలోని దారాలు లెక్కపెట్టే కన్ను ఆయనది. మా శిడ్లఘట్ట పట్టు వ్యాపారులు వేలిమీద దారం వేసుకుని పరీక్షించే తీరు చూసినప్పుడల్లా ఆయన గుర్తొస్తాడు నాకు. ప్రాణం నడుస్తున్న కాపురాన్ని మొదట చూసింది ఆ వ్యాపారే.

1838లో జర్మనీలో ష్లైడెన్ మొక్కలన్నీ కణాలతో కట్టినవన్నాడు. మరుసటి ఏడాది ష్వాన్ జంతువులూ అంతేనన్నాడు. ఇద్దరూ ఒకరోజు భోజనాల దగ్గర కూచుని నీ కణం నా కణం పోల్చుకున్నారని చెప్తారు. అయితే కొత్త కణం ఎట్లా పుడుతుందన్న చోట ఇద్దరూ కాలు జారారు. ద్రవంలోంచి దానంతటదే పలుకు కట్టినట్టు పుడుతుందన్నారు. అదే, నేను చెప్పిన పటికబెల్లం లెక్క! అది కాదు, ఉన్న కణం రెండుగా విడిపోతేనే కొత్త కణమని రీమాక్ అనే యూదు వైద్యుడు 1850ల మొదట్లోనే చూసి చెప్పాడు. ఆయన మాట పెద్దగా ఎవరి చెవికీ ఎక్కలేదు. 1855లో విర్కో అదే మాటను గట్టిగా అన్నాడు. ప్రతి కణమూ మరో కణం నుంచేనని విర్కో పేరుమీద లోకమంతా చదువుకుంటోంది. సొమ్మొకడిది సోకొకడిది.

మూడు మాటలు గుర్తుపెట్టుకో, చాలు. ప్రాణులన్నీ ఒక కణంతోనో చాలా కణాలతోనో కట్టినవి. ప్రాణం అనే పని మొత్తం జరిగే అతి చిన్న చోటు కణం. కణం కణం నుంచే వస్తుంది. నీ ఒంట్లో అట్లాంటివి సుమారు 30 లక్షల కోట్లు. అన్నీ ఒకేఒక్క కణం విడిపోయి విడిపోయి అయినవే.

మూడో మాట మా ఆడవాళ్ళకు ఎప్పుడో తెలుసు. పాలు తోడుపెట్టడానికి ఏం కావాలి? పెరుగు. ఆ పెరుగు ఎక్కడిది? నిన్నటి పెరుగుది. ఇంట్లో తోడు అయిపోతే గిన్నె పట్టుకుని పక్కింటికి పోవలసిందే. దీపాలు పెట్టాక మాత్రం ఎవరూ ఇచ్చేవాళ్ళు కాదు, లక్ష్మి గడప దాటిపోతుందని. అందుకే మధ్యాహ్నం నుంచే ఆడపిల్లల్ని తోడుకు తరిమేవాళ్ళు. ఒక చెంచా తోడుకు పోయి, రెండు గంటల ఊరి కబుర్లు మోసుకుని వచ్చేవాళ్ళం. ఎవరింట్లోనూ దొరకకపోతే గోరువెచ్చని పాలలో పచ్చిమిరపకాయ తొడిమలు వేసేవాళ్ళు, పొద్దుటికి పెరుగయ్యేది. చూశావా, తోడు లేకుండానే ప్రాణం పుట్టింది గదా అంటావు. లేదు నాయనా, పాలను పెరుగుచేసే ఒంటికణం జీవులు ఆ తొడిమల మీదే కాపురం ఉంటాయి. తోడు ఎవరో ఒకరు వెయ్యాల్సిందే, పక్కింటి అత్తయినా, మిరప తొడిమయినా.

మన పెద్దలు ఇది ఒప్పుకునేవాళ్ళు కాదు. తొలకరి పడగానే మఖమలు గుడ్డ ముక్కల్లాగ ఎర్రగా నేలమీద తిరిగే ఆరుద్ర పురుగులు ఆకాశం నుంచి పడతాయనేవాళ్ళు. అవి మట్టిలో దాక్కుని వానకోసం కాచుకున్నవే. ఒక్క మనమే అమాయకులం అనుకోకు. బెల్జియంలో వాన్ హెల్మాంట్ అనే పేరుమోసిన పండితుడు మాసిన చొక్కా, గోధుమలు కలిపి కుండలో పెడితే 21 రోజుల్లో ఎలుకలు పుడతాయని పద్ధతి రాసిపెట్టాడు. గోధుమలు పెడితే ఎలుకలు రాక ఏమొస్తాయి? 1860 ప్రాంతంలో ఫ్రాన్సులో పాశ్చర్, వంపు తిరిగిన కొంగమెడ సీసాలో రసం కాచి పెట్టి, గాలి ఆడినా దుమ్ము చేరకపోతే అందులో ఏ ప్రాణీ పుట్టదని చూపించి ఈ వాదం ముగించాడు. ఈ పాశ్చరే మా కోలారు సీమ అన్నదాత అంటే నమ్ముతావా? ఇక్కడినుంచి కాస్త నిదానంగా విను.

పట్టుపురుగు మా ఇంటి లక్ష్మి. టిప్పు సుల్తాను కాలం నుంచి మైసూరు సీమలో ఉన్న వ్యవసాయం ఇది. తర్వాత జంషెడ్జీ టాటా జపాను నిపుణుల్ని పిలిపించి బెంగళూరులో పట్టుక్షేత్రం పెట్టించాడు. ముద్దెనహళ్ళిలో పుట్టిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు దివానుగా ఉన్న రోజుల్లో సర్కారే దీన్ని చేతిలోకి తీసుకుంది. గుడ్డు పగిలి బయటికి వచ్చిన పురుగు చీమంత ఉండదు. పాతిక రోజుల్లో నాలుగు జ్వరాలు దాటి, పుట్టినప్పటికంటే పదివేల రెట్లు బరువెక్కుతుంది. జ్వరం అంటే రోగం కాదు, పాత తోలు విడిచే ముందు తల ఎత్తి కదలక పడుండడం. నాలుగో జ్వరం లేచాక దాని తిండి చూడాలి. ఇంటిల్లిపాదీ ఆకు కోసి, తరిగి, తట్టల్లో వేస్తూ నిద్రపోయేవాళ్ళు కాదు. దాని ఒంట్లో పట్టు తయారుచేసే గ్రంథిలో ఒక వింత ఉంది. గుడ్డులోంచి వచ్చాక ఆ కణాలు కొత్తగా విడిపోవు. ఉన్న కణాలే ఉబ్బి ఉబ్బి పెద్దవవుతాయి. పెరగడం రెండు రకాలని, కణాల లెక్క పెరగడం ఒకటి, కణమే పెద్దది కావడం ఒకటని నాకు నేర్పింది ఆ పురుగే.

పురుగులున్న గదికి ఉన్న మడి దేవుడింటికి ఉండేది కాదు. గుమ్మానికి వేపాకు కట్టాలి. లోపల చుట్ట తాగకూడదు, పోపు ఘాటు రాకూడదు, కొత్తవాళ్ళు తొంగిచూడకూడదు, దిష్టి. ఒక ఏడు మా నాయన రెండు రూపాయలు మిగులుతాయని, పరీక్ష చేయని నాటు గుడ్లు ఎవరి దగ్గరో కొన్నాడు. పురుగులు లేచాయి గానీ ఒకే తట్టలో కొన్ని పెద్దవి, కొన్ని చిన్నవి. ఆకు ముట్టవు, జ్వరం దాటవు. కొన్నింటి ఒంటిమీద మిరియాలపొడి చల్లినట్టు నల్లచుక్కలు. గూళ్ళు కట్టుకునే చంద్రికల మీదికి ఎక్కించేనాటికి తట్టలు సగం ఖాళీ. ఎక్కినవి కూడా గూడు కట్టలేక రాలిపోయాయి. ముందురోజు పక్కింటి అత్త నిప్పుకోసం వచ్చి గదిలోకి తొంగిచూసిందని మా అమ్మకు గుర్తొచ్చింది. ఇంకేముంది, దిష్టి తగిలిందన్నారు. రెండిళ్ళ మధ్య మాటల్లేవు, తోడు పెరుగు ఇచ్చిపుచ్చుకోవడాలు లేవు. పంట పోయినందుకు కాదు గానీ, మంచి తోడు దొరికే ఇల్లు పోయినందుకు నేను ఏడ్చాను.

ఆ రోగం పేరు పెబ్రిన్. సరిగ్గా ఇదే రోగం ఫ్రాన్సును ముంచింది. 1853లో సుమారు 2 కోట్ల 60 లక్షల కిలోల పట్టుగూళ్ళు పండిన దేశంలో 1865 నాటికి 40 లక్షల కిలోలు మిగిలాయి. డ్యూమా అనే గురువు బతిమాలితే పాశ్చర్ ఆలేస్ ఊరికి బయలుదేరాడు. దారిలో ఫాబ్రే అనే పురుగుల శాస్త్రవేత్త ఇంటికి వెళ్ళి, గూడు చేతిలోకి తీసుకుని చెవి దగ్గర ఊపి, "లోపల ఏదో ఉందే!" అని ఆశ్చర్యపోయాడట. గూట్లో ప్యూపా ఉంటుందని కూడా తెలియని మనిషి పట్టు రైతుల్ని కాపాడడానికి వచ్చాడన్నమాట. రోగపు పురుగుల్లో మెరిసే గింజలు కనిపిస్తుంటే, అవే రోగానికి మూలమని మొదటి రెండేళ్ళు ఆయనే ఒప్పుకోలేదు. మధ్యలో 1868లో పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయింది. అయినా వదల్లేదు. 1870లో పుస్తకం అచ్చువేసి ఉపాయం చెప్పాడు.

ఆ మెరిసే గింజ కూడా ఒక ప్రాణే, ఒకేఒక్క కణం. పొడవు మిల్లీమీటరులో 250వ వంతు. పురుగు తిన్న ఆకుతో లోపలికి పోతుంది. ఆడ చిలుక ఒంట్లో చేరితే దాని గుడ్ల లోపలికి కూడా పోతుంది. అందుకే గుడ్డు పైపైన చూస్తే ఏమీ తెలియదు. పాశ్చర్ ఉపాయం ఒక్కటే: గుడ్డును కాదు, తల్లిని చూడు. "పాడిని చూసి బర్రెను, తల్లిని చూసి పిల్లను" అని మనవాళ్ళు ఎన్నడో అన్నారు. ఆయన దానికి ఒక సూక్ష్మదర్శిని జతచేశాడు.

గ్రెయినేజిలో ఆ పని ఎట్లా చేసేవాళ్ళమో చెప్తాను. తెల్లవారుజామున గూళ్ళు తడిపి చిలుకలు బయటికొస్తాయి. వాటికి నోరున్నా తిండి లేదు, రెక్కలున్నా ఎగరలేవు. కొన్ని గంటలు జతకట్టనిచ్చి, మగదాన్ని విడదీసి, ఆడదాన్ని కాగితం మీద పెట్టి గరాటు మూత బోర్లించేవాళ్ళం. ఒక్కో మూత కింద ఒక్కో తల్లి, పక్కదాని గుడ్లతో కలవకూడదు. చీకట్లో నాలుగైదు వందల గుడ్లు గుండ్రంగా పెడుతుంది. మరుసటి రోజు ఆ తల్లిని చిన్న కల్వంలో వేసి, క్షారం కలిపిన నీళ్ళు రెండు చుక్కలు పోసి నూరి, ఒక బొట్టు గాజుపలక మీద వేసి, 600 రెట్లు పెద్దదిగా చూపించే సూక్ష్మదర్శిని కింద పెట్టేవాళ్ళం. కింది అద్దాన్ని కిటికీవైపు తిప్పి వెలుతురు పట్టాలి. ముందు కనిపించేదంతా తునకలు, కొవ్వు బొట్లు. కొవ్వు గుండ్రంగా ఉంటుంది. అది కాదు మనక్కావలసింది. కోడిగుడ్డు ఆకారంలో, అంచు నున్నగా, మెరుస్తూ అక్కడే వణికే గింజ ఒక్కటి కనిపించినా సరే, ఆ తల్లి పెట్టిన గుడ్లన్నీ కత్తిరించి మంటలో వేసేవాళ్ళం.

మొదటిసారి ఆ గింజలు చూసినరోజు సాయంత్రం బస్సు దిగి నేరుగా పక్కింటి అత్త దగ్గరికి పోయాను. "అత్తా, నీ కన్నుకు అంత బలం లేదు. రోగం గుడ్లలోనే వచ్చింది" అని చెప్పాను. ఆమె నన్ను తేరిపార చూసి, "నా కన్నుకు బలం లేదని చెప్పడానికా ఇంతదూరం వచ్చావు?" అంది. ఆ తర్వాత గిన్నె తెమ్మని కేకేసి తోడు పెరుగు పోసింది. దీపాలు పెట్టాక.

ఇక ఒక పేచీకోరు సంగతి కూడా చెప్పి ముగిస్తాను. పట్టుపురుగుకు ఇంకో రోగం ఉంది. ఒళ్ళు ఉబ్బి, గిల్లితే పాల లాంటి నీళ్ళు కారతాయి. అది వైరస్సు పని. వైరస్సుకు కణం లేదు. బయట ఉంటే తినదు, పీల్చదు, పెరగదు, పటికబెల్లం పలుకు ఎంతో అదీ అంతే. ఎవరి కణంలోనో దూరిందా, వాళ్ళ పొయ్యి మీదే వండుకుని వందల సంతానం చేసుకుంటుంది. అది ప్రాణా కాదా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. నన్నడిగితే, పొయ్యి ఉన్నదే ఇల్లు. పొయ్యి లేనిది ఇల్లు కాదు, అతిథి. కరోనా అతిథి వచ్చిపోయిన సంగతి నీకు నేను చెప్పాలా?

కణం చేసిన కీడే చెప్పాను, మేలు కూడా చెప్పకపోతే పాపం. మా నరసాపురం చెరువు ఏళ్ళ తరబడి ఎండి, తుమ్మలు మొలిచి, పిల్లలు క్రికెట్టాడే మైదానమైపోయింది. జీవనది లేని జిల్లా మాది, బోర్లు వెయ్యి అడుగులు దాటినా దుమ్మే వచ్చేది. 2018 నుంచి బెంగళూరు మురుగునీళ్ళను కోరమంగల, చల్లఘట్ట లోయల దగ్గర శుద్ధిచేసి, పైపుల్లో లక్ష్మీసాగరం చెరువుకు ఎత్తి, అక్కడినుంచి మా చెరువుకూ మరెన్నో చెరువులకూ పారిస్తున్నారు. ఆ మురుగును శుభ్రం చేసేది ఎవరనుకున్నావు? పెద్ద తొట్లలో గాలి ఊదుతుంటే, కంటికి కనపడని కోట్లాది ఒంటికణం జీవులు ఊరందరి మలినాన్ని తిని నీళ్ళను వదులుతాయి. రెండో దశ శుద్ధి చాలదు, మూడోది కూడా కావాలని మావాళ్ళు కొట్లాడుతున్నారు, కొట్లాడాలి కూడా. ఆ మురుగును తినిపెట్టే జీవుల పేరు మాత్రం ఏ శిలాఫలకం మీదా లేదు.

ఇంకొక్క లెక్క చెప్పి వదిలేస్తాను. కణం కణం నుంచే వస్తుందంటే నువ్వు ఎక్కడినుంచి వచ్చావు? సగం మీ నాయన నుంచి. తక్కిన సగం, నువ్వు మొదలైన ఆ అండకణం, మీ అమ్మ పెళ్ళయ్యాక తయారైంది కాదు. మీ అమ్మ తన తల్లి కడుపులో అయిదో నెల పిండంగా ఉన్నప్పుడే ఆమె ఒంట్లో ఆ కణాలన్నీ పుట్టి ఉన్నాయి. అంటే మీ అమ్మ పుట్టకముందే, ఆమెతో పాటు నీ సగాన్ని కూడా మోసింది మీ అమ్మమ్మ. సూక్ష్మదర్శిని ముందు అన్నేళ్ళు కూచుని తల్లుల్ని చూసినదాన్ని, నా మాట నమ్ము. ఈసారి ఫోను చేసినప్పుడు ఆవిడను "నీకేం తెలుసు అమ్మమ్మా" అని అనబోయే ముందు, ఆవిడకు నీ సంగతి మీ అమ్మకంటే ముందే తెలుసునని గుర్తుపెట్టుకో.